గోలీనా, జామకాయనా? యాంటీ ఆక్సిడెంట్లకు డబ్బు పెట్టే ముందు

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ మందుల దుకాణంలోకి వెళ్లినా ఒక అర నిండా యాంటీ ఆక్సిడెంట్లే కనిపిస్తాయి. నమిలే విటమిన్ సి గోలీలు, మెత్తటి ఆకుపచ్చ విటమిన్ ఈ క్యాప్సూళ్లు, పది రకాల పేర్లు రాసిన మల్టీవిటమిన్ స్ట్రిప్పులు, పసుపు సారం, గ్రీన్ టీ సారం. ఇవి చాలవన్నట్టు, తెలిసినవాళ్లు ఇంటికి వచ్చి అంటగట్టే పొడి డబ్బాలు వేరే. అదే దుకాణం ముందు బండి మీద జామకాయలు, బత్తాయిలు, కార్తీకంలో అయితే ఉసిరికాయలు. రెండు చోట్లా అమ్మేవాళ్లు చెప్పేది ఒకటే: ఇమ్యూనిటీ పెరుగుతుంది, ముసలితనం దూరమవుతుంది, క్యాన్సర్ రాదు.

నేను మందుల దుకాణంలో కూర్చునేవాడిని. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నా బేరానికి నష్టమే. జబ్బేమీ లేని మనిషి ఆరోగ్యంగా ఉండటానికి యాంటీ ఆక్సిడెంట్లు కావాలనుకుంటే ఆ డబ్బు బండి దగ్గర పెట్టడం మేలు. గోలీ అవసరమయ్యేవాళ్లు ఉన్నారు, కానీ కొద్దిమందే. ఆ కొద్దిమందికి కూడా ఫలానా జబ్బుకు, ఫలానా మోతాదులో అని లెక్క ఉంటుంది. ఇక కొన్ని గోలీలు కొందరికి నష్టం చేశాయని పెద్ద పరీక్షల్లోనే తేలింది. ఎక్కువమందికి తెలియనిది ఈ చివరి మాటే కనుక దానికే ఎక్కువ చోటు ఇస్తాను.

ఇవి ఒంట్లో చేసే పని

వంకాయ కోసి పక్కన పెడితే ముక్కలు నల్లబడతాయి, నిమ్మరసం కలిపిన నీళ్లలో వేస్తే అంత త్వరగా నల్లబడవు. ఒంట్లో జరిగేది ఇంతకంటే చాలా చిక్కైన వ్యవహారం కానీ మొదటి మెట్టుకు ఈ పోలిక చాలు. మనం పీల్చే ఆక్సిజన్‌తో కణాలు శక్తిని తయారు చేసుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. బీడీ పొగ, ఎండ, కాలుష్యం వల్ల ఇంకొన్ని చేరతాయి. ఇవి కణాల కొవ్వు పొరలను, డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఈ దెబ్బను ఆపే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. ముసలితనానికి ఇదే కారణం కావచ్చని డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1956లో ప్రతిపాదించాడు. యాంటీ ఆక్సిడెంట్ల మీద మోజుకు మొదలు అదే.

అయితే ఈ దాడిని ఆపడానికి ఒంట్లోనే ఎంజైములు ఉన్నాయి. అవి పని చేయాలంటే జింక్, రాగి, మాంగనీస్, సెలీనియం లాంటి ఖనిజాలు కొంచెం కొంచెం కావాలి. పప్పు, జొన్నలు, తైదలు (రాగులు), గుడ్లు, మాంసం తినేవాళ్లకు అవి తిండిలోనే అందుతుంటాయి. పైగా ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులేమీ కావు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వాడేది వాటినే. వ్యాయామం చేసినప్పుడు కండరాలు బలపడాలని ఒంటికి సంకేతం ఇచ్చేదీ అవే. 2009లో జర్మనీ పరిశోధకులు కొందరు యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ 1000 మి.గ్రా. విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఈ ఇచ్చారు. గోలీలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, వేసుకున్నవాళ్లలో ఆ లాభం కనపడలేదు. పొద్దున ఎన్‌జీ కాలేజీ మైదానంలో నడిచి వచ్చి, ఇంటికి రాగానే ఈ రెండు గోలీలూ మింగేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

డబ్బాల మీద యాంటీ ఆక్సిడెంట్ బలానికి కొలతగా ఓరాక్ అనే అంకె వేసి, మా పొడిలో ఆపిల్ కంటే ఇన్ని రెట్లు అని రాస్తారు. గాజు గొట్టంలో చేసిన పరీక్ష అంకె అది. కడుపులోకి పోయాక ఆ పదార్థం ఎంత రక్తంలో కలుస్తుంది, కలిశాక ఏమవుతుంది అన్నది దానితో తేలదు. అంకెలను కంపెనీలు ఇలా వాడుకుంటున్నాయనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తను పెట్టిన ఓరాక్ అంకెల పట్టికను వెబ్‌సైటు నుంచి తీసేసింది. మన దగ్గర మాత్రం అమ్మకాల మాటల్లో ఇంకా నడుస్తోంది.

గోలీలను పరీక్షించి చూస్తే

పండ్లు, ఆకుకూరలు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉండటం, వాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ (ఆకుకూరలు, క్యారెట్లలో ఉండి ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఎక్కువగా ఉండటం 1980ల నాటికే గమనించారు. అయితే ఆ బీటా కెరోటిన్‌నే గోలీ చేసి ఇస్తే పోదా అనుకున్నారు. వినడానికి సబబైన ఆలోచనే.

ఫిన్లాండ్‌లో 1985లో మొదలుపెట్టి 29,133 మంది మగవాళ్ల మీద పరీక్షించారు. అందరూ పొగ తాగేవాళ్లే, 50 నుంచి 69 ఏళ్ల వయసువాళ్లు. కొందరికి రోజూ 20 మి.గ్రా. బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఈ, కొందరికి రెండూ, కొందరికి ఉత్త గోలీ. 1994లో ఫలితాలు వచ్చినప్పుడు బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది. తగ్గుతుందనుకున్నది పెరిగింది! ఇది కాకతాళీయమేమో అనుకునేలోపే అమెరికాలో ఇంకో పరీక్ష బయటపడింది. పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్ పని చేసినవాళ్లు కలిపి 18 వేలకు పైగా జనం. 30 మి.గ్రా. బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కావడంతో 1996 జనవరిలో పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

తర్వాత విటమిన్ ఈ వంతు. 2001లో మొదలైన ఒక పరీక్షలో 35 వేలకు పైగా మగవాళ్లకు విటమిన్ ఈ 400 యూనిట్లు, సెలీనియం 200 మైక్రోగ్రాములు విడివిడిగానూ కలిపీ ఇచ్చి, ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందేమో చూశారు. లాభం లేదని 2008లో ఆపేశారు. ఆ తర్వాత కూడా వాళ్లను గమనిస్తూ పోతే, విటమిన్ ఈ ఒక్కటే వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ పరీక్షలో వాడిన కృత్రిమ విటమిన్ ఈలో 400 యూనిట్లంటే 400 మి.గ్రా. సమానం. మన దుకాణాల్లో చీటీ లేకుండా అడిగి తీసుకునే ఆకుపచ్చ క్యాప్సూల్ మీద ఉండే అంకె కూడా అదే.

2012లో కోక్రేన్ సంస్థ 78 పరీక్షలను, దాదాపు 3 లక్షల మంది వివరాలను కలిపి చూసింది. యాంటీ ఆక్సిడెంట్ గోలీల వల్ల ఆయుష్షు పెరిగిన దాఖలా లేదు. బీటా కెరోటిన్, విటమిన్ ఈ వేసుకున్నవాళ్లలో మరణాలు కొంచెం ఎక్కువే. 2022లో అమెరికా నిపుణుల బృందం గుండె జబ్బు, క్యాన్సర్ రాకుండా ఉండటానికి ఈ రెండూ వేసుకోవద్దని సూటిగా చెప్పింది.

మరి అవే పదార్థాలు తోటకూరలోనూ మునగాకులోనూ ఉన్నాయి కదా, అవి తింటే? వాటి వల్ల ఇలాంటి నష్టం కనపడలేదు. తిండిలో ఒక్కో పదార్థం కొంచెం కొంచెంగా, పీచుతో, ఇంకా ఎన్నో పదార్థాలతో కలిసి మెల్లగా వస్తుంది. గోలీలో ఒకే పదార్థం ఒక్కసారిగా దిగుతుంది. ఇంకో సంగతి, ఆకుకూరలు బాగా తినేవాళ్లు పొగ తక్కువ తాగుతారు, నాలుగడుగులు ఎక్కువ నడుస్తారు. మొదట్లో కనపడిన లాభంలో ఆ అలవాట్ల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లకు కాబట్టి నా సలహాలో సందుల్లేవు. లేబుల్ మీద బీటా కెరోటిన్ ఉన్న గోలీ వద్దు. మానేసి కొన్నేళ్లయినా వద్దు. ఊపిరితిత్తులు శుభ్రం చేస్తుందని ఎవరు చెప్పినా వద్దు. ఆ డబ్బుతో పొగ మానడానికి వాడే నికోటిన్ గమ్ కొనుక్కుంటే కనీసం పని జరుగుతుంది.

విటమిన్ సి: జామ, ఉసిరి, బత్తాయి, గోలీ

ఇక్కడ భయం తక్కువ, లెక్క ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 80 మి.గ్రా., ఆడవాళ్లకు 65 మి.గ్రా. విటమిన్ సి కావాలి. నమిలే గోలీలో ఉండేది 500. అదంతా ఒంటికి పట్టదు. మామూలుగా తిండిలో వచ్చే మోతాదులో 70 నుంచి 90 శాతం దాకా రక్తంలోకి చేరుతుంది, వెయ్యి దాటితే సగం కూడా చేరదు. రక్తంలో ఒక మట్టానికి వచ్చాక మిగిలింది మూత్రంలో పోతుంది.

జామకాయ వంద గ్రాముల్లో విటమిన్ సి 200 మి.గ్రా. పైనే. ఓ మాదిరి కాయ సగం తింటే ఆ రోజు పని అయిపోయింది. ఉసిరికి పాత పట్టికల్లో 600 అని ఉండేది, ఇప్పటికీ అందరూ అదే అప్పజెబుతారు. అదే సంస్థ 2017లో ఇచ్చిన కొత్త పట్టికల్లో అది 250 ప్రాంతంలోనే ఉంది. అంటే ఉసిరి, జామ దాదాపు సమానమే, జామను మాత్రం పంటి కింద పులుపు లేకుండా రోజూ తినగలం. మన జిల్లా పేరు నిలబెట్టిన బత్తాయి ఈ పోటీలో వెనకే: వంద గ్రాములకు 40, 50 మి.గ్రా. అయినా ఒక కాయ ఒలుచుకుని తొనలు తింటే రోజు అవసరం చాలావరకు తీరుతుంది. బత్తాయి రైతు మీద అభిమానంతో చెబుతున్నానేమో కానీ, తింటే తొనలు తినండి, జ్యూస్ వద్దు. గ్లాసు నిండాలంటే మూడు నాలుగు కాయలు పిండాలి, పీచు అంతా పిప్పిలో పోతుంది, హైవే మీద బండివాడు అడగకుండానే రెండు చెంచాల చక్కెర వేస్తాడు. పండ్లు పండ్లుగా తినేవాళ్లలో షుగర్ జబ్బు తక్కువగానూ, పండ్ల రసాలు తాగేవాళ్లలో ఎక్కువగానూ కనపడిందని 2013లో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది.

జలుబు సంగతి. చాలామంది గోలీ కొనేది దానికే. రోజూ వేసుకున్నా మామూలు మనుషులకు జలుబులు రావడం తగ్గదు. వచ్చిన జలుబు ఉండే రోజులు పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం దాకా తగ్గుతాయి. అంటే వారం ఉండే జలుబులో పెద్దలకు ఓ అరరోజు, పిల్లలకు ఓ రోజు. ముక్కు కారడం మొదలయ్యాక మింగితే ఆ లాభమూ నమ్మకంగా కనపడలేదు. మారథాన్ పరిగెత్తేవాళ్లు, గడ్డకట్టే చలిలో కసరత్తు చేసే సైనికుల్లో మాత్రం జలుబులు సగానికి తగ్గాయి. పోలీసు ఉద్యోగాల ఫిజికల్ టెస్టుకు గట్టిగా ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు అడిగితే నేను అభ్యంతరం చెప్పను, జామకాయ తిన్నా పనవుతుందని మాత్రం అంటాను.

పెద్దవాళ్లకు రోజుకు 2000 మి.గ్రా. పై పరిమితి. దాటితే విరేచనాలు. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, 500, 1000 గోలీలు రోజూ వేసుకోవద్దు. స్వీడన్‌లో విటమిన్ సి గోలీలు వేసుకునే మగవాళ్లలో రాళ్లు దాదాపు రెట్టింపుగా కనపడ్డాయి. ఎండలో పొలం పని చేసి నీళ్లు సరిగ్గా తాగని మన దగ్గర ఇది చిన్న మాటేమీ కాదు. కొన్ని గ్లూకోమీటర్లు ఒంట్లో విటమిన్ సి బాగా ఎక్కువగా ఉంటే షుగర్‌ను తప్పుగా చూపిస్తాయన్నది కూడా షుగర్ ఉన్నవాళ్లు తెలుసుకోవాలి.

ఉసిరి మురబ్బా, ఉసిరి జ్యూస్ సీసా, లేహ్యం డబ్బా కొనేవాళ్లు లేబుల్ మీద చక్కెర ఎంతో చూసి కొనండి. ఉసిరికాయ పచ్చడి రుచికి తినొచ్చు, బీపీ ఉంటే ఉప్పు గుర్తుంచుకుని. నల్లమల వైపు నుంచి వచ్చే అడవి ఉసిరి దొరికితే పులిహోరలోకి, పప్పులోకి వేసుకోవడమే నాకు నచ్చిన పద్ధతి.

విటమిన్ ఈ: పల్లీలు కొనాలా, క్యాప్సూల్ కొనాలా

జుట్టు రాలుతోందని, ముఖం మీద మచ్చలని, పిక్కలు పట్టేస్తున్నాయని ఆకుపచ్చ క్యాప్సూల్ అడుగుతారు. మామూలు తిండి తినేవాళ్లలో ఈ విటమిన్ లోపం చాలా అరుదు. ఆ లోపం లేనివాడికి క్యాప్సూల్ జుట్టు మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పాలమూరు, వనపర్తి, గద్వాల వైపు పండే పల్లీల్లో వంద గ్రాములకు దాదాపు 8 మి.గ్రా. విటమిన్ ఈ ఉంటుంది. గుప్పెడు వేయించిన పల్లీలు, నువ్వుల పొడి, జొన్నరొట్టెలోకి పల్లీల కారం, వంట నూనె కలిస్తే రోజు గడిచిపోతుంది. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్న పల్లీలు మాత్రం పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా పోదు.

క్యాప్సూల్‌కు న్యాయమైన చోటు ఒకటుంది. షుగర్ లేకుండా, కాలేయంలో కొవ్వుతో పాటు వాపు కూడా ఉందని తేలిన కొందరికి రోజుకు 800 యూనిట్లు ఇస్తే మేలు కనపడిందని 2010లో ఒక పరీక్షలో తేలింది. గ్యాస్ట్రో డాక్టర్ రాస్తే వాడండి. స్కానింగ్ రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని చూసి మీరే మొదలుపెట్టొద్దు. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లకు ఎక్కువ మోతాదు విటమిన్ ఈతో రక్తస్రావం ముప్పు ఉంది. గుండె వాల్వు మార్పించుకుని ఆ మందు వాడేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ లేరు.

పసుపు క్యాప్సూళ్లు, గ్రీన్ టీ, తెల్లబడే ఇంజెక్షన్లు

కూరలో వేసే పసుపుకు వంక పెట్టను. పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే చేరేది దాదాపు 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులే చూపించారు. ఆ ఆధారంతోనే క్యాప్సూళ్లలో రెండూ కలిపి అమ్ముతున్నారు. ఎక్కువగా చేరడం మంచికేనా అన్నది వేరే ప్రశ్న. ఇలాంటి గాఢమైన సారాలు వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. గ్రీన్ టీ సారం కూడా అంతే. అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మి.గ్రా. దాటితే కాలేయం ఎంజైములు పెరుగుతున్నాయని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పింది. కప్పు గ్రీన్ టీ వేరు, బరువు తగ్గే క్యాప్సూల్ వేరు.

తెల్లబడటానికి గ్లూటాథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్‌లో అడుగుతున్నారు. సిరలోకి ఎక్కించే ఈ ఇంజెక్షన్లపై ఫిలిప్పీన్స్ ప్రభుత్వ ఔషధ సంస్థ హెచ్చరికలు జారీ చేసింది. దీని గురించి ఇంతకంటే రాయడం కూడా దండగ. వద్దు.

కంటికి అమ్మే గోలీలు

యాంటీ ఆక్సిడెంట్ గోలీ నిజంగా పని చేసిన జబ్బు ఒకటుంది. వయసు మీద పడ్డాక రెటీనా మధ్యభాగం పాడయ్యే మాక్యులా క్షీణత. అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ పరీక్షలో విటమిన్ సి, ఈ, బీటా కెరోటిన్, జింక్, రాగి కలిపి ఇస్తే, మధ్యస్థ దశలో ఉన్నవాళ్లలో జబ్బు ముదరడం దాదాపు 25 శాతం తగ్గిందని 2001లో తేలింది. 2013లో బీటా కెరోటిన్ తీసేసి లూటీన్, జియాజాంథిన్ అనే ఆకుకూరల్లోని రంగు పదార్థాలు పెట్టారు. పొగ తాగేవాళ్లకూ ఇదే మేలు. కంటి డాక్టర్ రెటీనా చూసి ఈ జబ్బే అని, ఈ దశలో ఉందని చెబితే ఖర్చు పెట్టడం సబబే.

అదే గోలీ శుక్లాలను ఆపలేదు. ఆ పరీక్షలోనే అది కూడా చూశారు. మన దగ్గర అరవై దాటిన అవ్వకు చూపు మసకబారితే ఎక్కువగా అది శుక్లమే, దానికి ఆపరేషనే దారి. ఆపరేషన్ అంటే భయపడి నెలల తరబడి కంటి విటమిన్లు మింగుతూ కూర్చోవడం నేను చూస్తూనే ఉంటాను. ఆ ఖర్చూ పోతుంది, శుక్లమూ ముదురుతుంది.

మల్టీవిటమిన్ల గురించి రెండు ముక్కలు. రోజు అవసరానికి మించని మోతాదులో ఉండే సాదా గోలీతో పెద్ద ప్రమాదం లేదు, పెద్ద లాభమూ లేదు. 50 ఏళ్లు దాటిన అమెరికా డాక్టర్ల మీద జరిగిన పరీక్షలో క్యాన్సర్లు 8 శాతం తగ్గాయి, గుండె జబ్బులు తగ్గలేదు. పళ్లు లేక సరిగ్గా తినలేని ముసలివాళ్లకు, జబ్బుపడి లేచినవాళ్లకు డాక్టర్ కొన్నాళ్లకు రాస్తే వాడొచ్చు.

ఫ్లోరైడ్ ఊళ్లవాళ్లకు

మన జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు కీళ్ల నొప్పులకు యాంటీ ఆక్సిడెంట్ గోలీలు వాడొచ్చా అని అడుగుతారు. ఫ్లోరైడ్ కణాల్లో ఆక్సిడేటివ్ ఒత్తిడి పెంచుతుందన్నది నిజమే. అంతమాత్రాన ఒంగిన ఎముకను ఏ గోలీ నిటారుగా చేయలేదు. అలా చేస్తామని అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. పని చేసేది నీళ్లు మార్చడం: బోరు నీళ్లు మాని, తాగడానికే కాదు వంటకూ ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడటం. దాంతో పాటు పాలు, పెరుగు, తైదలు, నువ్వుల నుంచి కాల్షియం, జామ, నిమ్మ నుంచి విటమిన్ సి. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లల మీద చూసి 2002లో ప్రచురించారు. పచ్చిపులుసు ఇష్టమైనవాళ్లకు ఇది మంచి వార్తే, మందు మాత్రం కాదు.

యాంటీ ఆక్సిడెంట్ల కోసం చాయ్, గ్రీన్ టీ ఎక్కువగా తాగమనే సలహా ఈ ఊళ్లకు పనికిరాదు. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది. ఫ్లోరైడ్ నీళ్లలో బాగా మరిగించిన చాయ్ అంటే రెండు వైపుల నుంచీ వస్తుంది. ఇలాంటి సలహాలు మన నీళ్లను చూసి రాసినవి కావు.

ఇంకొందరికి వేరే లెక్క

గర్భిణులకు యాంటీ ఆక్సిడెంట్ గోలీ కంటే ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ ఫోలిక్ గోలీ ఎన్నో రెట్లు ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే, అన్నం తర్వాత జామ ముక్క తింటే ఆ పూట ఆకుకూరలోని ఐరన్ బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే అదే ఐరన్ పట్టదు, గంట ఆగండి. విటమిన్ ఎ ఎక్కువ మోతాదులో ఉన్న గోలీలు గర్భంలో బిడ్డకు ప్రమాదం, అడగకుండా వేసుకోవద్దు.

హైదరాబాద్ వెళ్లి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట కీమో, రేడియేషన్ తీసుకుంటున్నవాళ్లకు బంధువులు ప్రేమతో పొడి డబ్బాలు తెస్తారు. ఆ చికిత్సల్లో కొన్ని క్యాన్సర్ కణాలను చంపేదే ఫ్రీ రాడికల్స్‌తో. క్యాన్సర్ డాక్టర్‌కు చూపించకుండా ఆ డబ్బా తెరవొద్దు, చూపించడానికి మొహమాటపడొద్దు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు విటమిన్ సి గోలీలే కాదు, పొటాషియం వల్ల బత్తాయి, టమాట కూడా డాక్టర్ చెప్పినంతే.

అంగడిలో ఏం కొనాలి, ఎలా వండాలి

2024లో వచ్చిన జాతీయ ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అని ఉంది. మన ఇళ్లలో అన్నం కుప్ప మీద చారెడు కూర వేసుకునే అలవాటుకు ఇది చాలా దూరం. ఖరీదైన బ్లూబెర్రీలు అక్కర్లేదు. పుంటికూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలికూర, మునగాకు మార్చి మార్చి వండండి. పెరట్లో మునగచెట్టు ఉండగా మోరింగా పొడి డబ్బా కొనడం నాకు మింగుడుపడని విషయం. ఎండిన పొడిలో కాల్షియం, ఐరన్ మిగులుతాయి, విటమిన్ సి చాలావరకు పోతుంది. వానాకాలం మొదట్లో అల్లనేరేడు, తర్వాత సీతాఫలం, చలికాలంలో జామ, ఉసిరి, సంక్రాంతికి రేగుపళ్లు, ఎండాకాలం కొల్లాపూర్ మామిడి. షుగర్ ఉన్నవాళ్లు మామిడి, సీతాఫలం కొలత చూసుకుని, జామ నేరేడు కొంచెం ధీమాగా.

విటమిన్ సికి వేడి, నీళ్లు పడవు. ఆకుకూర కడిగాక తరగండి, మూత పెట్టి కొద్ది నీళ్లతో వండండి, ఉడికిన నీళ్లు పారబోయొద్దు, నిమ్మరసం దించాక పిండండి. కెరోటిన్లు, టమాటలోని లైకోపీన్ మాత్రం కొంచెం నూనె, కొంచెం వేడి ఉంటేనే ఒంటికి బాగా పడతాయి. తాలింపు పెట్టిన టమాట పప్పు, నూనెలో మగ్గిన పాలకూర ఆ పని చక్కగా చేస్తాయి. అంటే పచ్చివీ తినాలి, వండినవీ తినాలి.

ఇంతా చదివి కూడా డబ్బా కొనాలనిపిస్తే మూడు చూడండి. ఒకటి, డబ్బా వెనకవైపు పట్టికలో ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో, అది రోజు అవసరంలో ఎంత శాతమో. ప్రొప్రైటరీ బ్లెండ్ అని ఒక్క అంకె వేసి లోపలివి చెప్పకపోతే వదిలేయండి. రెండు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల లైసెన్సు నంబరు, దానితో పాటు ఔషధంగా వాడటానికి కాదు అనే మాట. కంపెనీయే మందు కాదని రాస్తుంటే, మీకు అమ్మే మనిషి షుగర్ తగ్గుతుందని చెప్పడం కుదరదు. మూడు, మీరు ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ. వార్ఫరిన్, కీమో మందులు, కిడ్నీ మందులు అందులో ఉంటే డబ్బును జేబులోనే ఉంచుకుని, ఆ డబ్బా ఫొటో తీసి మీ డాక్టర్‌కు చూపించండి.